సున్నుండ ఆకలివేళ

ఓడకి ఇంకా యాభై రెండు రోజులు

వంటశాల చిట్టా. రాసేది తాయారు. పొద్దున ఇడ్లీ, కారప్పొడి. మధ్యాహ్నం పప్పు, అన్నం, మజ్జిగ. రాత్రికి ఎండు వంకాయ పులుసు, పెరుగన్నం. తిన్నవారు పధ్నాలుగు మంది, ఒక కుక్క.

కుక్కకి రేషన్ లేదు కాబట్టి కుక్క తిన్నట్టు రాయకూడదట. పోయినసారి భానోజీరావు గారు ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆయన ఈ మెట్టకి పెద్ద. గిడ్డంగి తాళాలు ఆయన దగ్గరే, గంట కొట్టేదీ ఆయనే. కొట్టేసినా నేను మళ్ళీ రాశాను. అది తినేది నా కంచంలోంచి. నా కంచం నా ఇష్టం.

భూమికి ఎక్కడో దూరంగా ఆకాశంలో తేలే ఈ రాయికి కాగితాల మీద ఏదో పొడుగాటి నంబరుంది. మేం మెట్ట అంటాం. లోపల సొరంగాల్లో మంచు తవ్వుతారు, దాన్ని కరిగించి ఓడలకి నింపుతారు. ఇక్కడ పగలూ లేదు, రాత్రీ లేదు. దీపాలు వెలిగితే పొద్దున్న, తగ్గితే రాత్రి. మనిషి బరువు మరీ తక్కువ, అందుకే అందరం సీసపు చెప్పులు వేసుకుని ఈడ్చుకుంటూ నడుస్తాం. వచ్చి నాలుగేళ్ళయింది, నా మోకాళ్ళకి మాత్రం నలభై ఏళ్ళయినట్టుంది.

సున్నుండకి చెప్పుల్లేవు. పిడికెడంత కుక్క, రంగు కూడా నేతిలో వేయించిన మినప్పిండి రంగే. పోయినసారి వచ్చిన ఓడలో పుట్టిన పిల్ల అది. పాలు మరవగానే నాకిచ్చి వెళ్ళిపోయారు. పొద్దున గంట కొట్టగానే మంచం మీంచి ఎగిరి, చెవులు రెండూ గాల్లో తేలుతుండగా, నెమ్మదిగా నా మొహం మీద దిగుతుంది. రోజూ తిడతాను. చెవి వెనక గోక్కుంటే ఆ ఊపుకి అదే పైకి లేస్తుంది. లేచినందుకు నా వంక చూసి నన్నే మొరుగుతుంది. ఇవాళ నడుం పట్టేసింది, పిండి రుబ్బుతూ ఏడుపొచ్చేలా ఉంది. అది వచ్చి నా పాదాల మీద కూర్చుంది. బరువేమీ లేదు, వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనంతోనే రుబ్బేశాను.

ఓడకి ఇంకా నలభై ఏడు రోజులు

ఇడ్లీ పులిసింది. మామూలుగా కాదు, మూత తోసుకుని పిండి బయటికొచ్చింది. బరువు లేని చోట పిండి పొంగితే కింద కారదు, ఉండలుగా విడిపోయి గది నిండా తిరుగుతుంది. అరపూట గరిటె పట్టుకుని వాటి వెనకాల తిరిగాను. సున్నుండ మాత్రం నోటితో పట్టి మరీ సాయం చేసింది. కడుపు నిండాక సాయం మానేసింది.

"తాయారక్కా, ఇయ్యి ఇడ్లీలా, చింతపండా?" అన్నాడు దావీదు. తవ్వేవాళ్ళ మేస్త్రీ అతను.

"పప్పు పాతబడిపోయింది నాయనా. ఓడొస్తే కొత్త పప్పు."

"అయితే ఓడొచ్చాకే తింటాన్లే," అన్నాడు. అని ఆరు తిన్నాడు.

భానోజీరావు గారు రెండే తిని లేచారు. పులుపుకి అలిగారనుకున్నాను.

ఇంకో సంగతి. సున్నుండకి రాత్రి గంట కొట్టాకే అన్నం. అందరికీ వడ్డించి, నా కంచం పట్టుకుని కూర్చున్నాక, దాని చిన్న స్టీలు గిన్నెలో నాలుగు ముద్దల పెరుగన్నం. కాస్త ఆలస్యమైతే ఆ గిన్నెని ముక్కుతో పైకి ఎగరేస్తుంది. గిన్నె తేలుతూ వెళ్ళి గోడకి కొట్టుకుని ఠంగుమంటుంది. ఆ మోత సొరంగాల చివరిదాకా వినిపిస్తుంది. ఇవాళ గంటకి చాలా ముందే ఎగరేసింది. అంతగా ఆడుకుని అలిసిందేమో.

ఓడకి ఇంకా నలభై ఒకటి

ఎవరికీ ఓపిక లేదు. పొద్దున గంటకి ముందే మెలకువ వచ్చేస్తోంది, లేవడానికి మాత్రం ఒంట్లో సత్తువ ఉండటం లేదు. ఆకలితో కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాను. నాకు వయసు మీద పడిందనుకున్నాను. తీరా చూస్తే నూకాలు కూడా అదే మాట అంది. నూకాలు మంచు తవ్వే మరమీద కూర్చునే పిల్ల, ఇరవై నాలుగేళ్ళు నిండలేదు.

"పిన్నీ, పని తెమలట్లేదు. తవ్వుతానే ఉన్నాను, మజ్జానం గంటే కొట్టట్లేదు. కాళ్ళూ చేతులూ నాయి కానట్టుంటన్నాయి."

"గాలి బాగోలేదేమోనే. గాలి జల్లెడలు మార్చమని చెప్పనా?"

"మార్చేరుగా మొన్న," అని బల్ల మీద తల వాల్చేసింది. సున్నుండ వెళ్ళి ఆమె జడని నాకుతూ కూర్చుంది. కాసేపటికి నూకాలు నవ్వింది. మెట్టలో వారం రోజుల్లో నేను విన్న నవ్వు అదొక్కటే.

పెరుగు కూడా పులుస్తోంది. తోడు తగ్గించినా పులుస్తోంది. సున్నుండ రోజూ గంటకి ముందే గిన్నె ఎగరేస్తోంది, రోజురోజుకీ ఇంకాస్త ముందు. నులిపురుగులేమోనని వాము నీళ్ళు పట్టాను. తాగి, నన్ను చాలా అసహ్యంగా చూసింది.

ఓడకి ఇంకా ముప్పై ఎనిమిది

గొడవైంది. సాయంత్రం పూట సున్నుండ గిన్నె ఎగరేసింది. ఠంగుమన్న మోత విని, రాత్రి గంట కొట్టేశారనుకుని, మూడో సొరంగం వాళ్ళు మర ఆపేసి భోజనానికి వచ్చేశారు. వచ్చి చూస్తే నేనింకా కూర తరుగుతున్నాను. ఆగిన మరలో మంచు బిగిసిపోయింది. మళ్ళీ దాన్ని కదపడానికి ఎంత అవస్థ పడ్డారో పాపం.

దావీదు వంటశాల గుమ్మంలో నిలబడి అరిచాడు. మనిషి మంచివాడే. నిలబడటానికి గోడ పట్టుకున్నాడు, అంత అలిసిపోయున్నాడు.

"కుక్కని ముద్దు చేసుకో అక్కా, కాదన్లేదు. మా ప్రాణాల మీదకి తేకు. ఆ మోత వినగానే మా కడుపులు మండిపోతన్నాయి. ఆకలి గుర్తు చేసి, కూర్చోబెట్టి, మళ్ళీ పనికెళ్ళమంటే ఎవడెళ్తాడు?"

"దానికేం తెలుసు నాయనా."

"అదే అంటన్నాను. దానికి తెలీదు. నిద్రపెట్టెలో పెట్టేద్దాం, ఓడొచ్చాక లేపుదాం."

నిద్రపెట్టె అంటే ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే, ఓడ వచ్చేదాకా చల్లగా పడుకోబెట్టి ఉంచే పెట్టె. అది మనుషుల కొలతకి చేసింది. చల్లదనం కూడా మనిషి ఒంటికి తగ్గట్టే ఉంటుంది. పిడికెడు కుక్క అందులోంచి మళ్ళీ లేస్తుందని ఎవరూ చెప్పలేరు. ఆ మాటే అన్నాను. భానోజీరావు గారు నేల చూపులు చూస్తూ, "రేపు రాత్రి గంటకి పెట్టేద్దామండి. పెద్ద పని ఆగిపోతోంది," అన్నారు.

పోట్లాడటానికి కూడా ఓపిక కావాలి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది నా చీర కుచ్చిళ్ళలో దూరి గుర్రు పెట్టింది. దాని గుర్రు వింటూ ఏడ్చాను.

ఓడకి ఇంకా ముప్పై ఏడు

పొద్దున్నుంచీ దాన్ని చంక దింపలేదు. ఒంటిచేత్తోనే వండాను. ఆఖరి రోజని, దానికిష్టమైన మాడు చెక్క గీకి పెట్టాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక రాత్రికి పెరుగు తోడేశాను. ఇక కూర తరగాలి.

చాలాసేపటికి సున్నుండ చంకలోంచి జారి గిన్నె దగ్గరికెళ్ళింది. నా మొహం చూసింది. గోడ మీది గడియారం చూస్తే రాత్రి గంటకి ఇంకా చాలా టైముంది. "ఇప్పుడేంటే?" అంటూ పెరుగు మూత తీశాను, కాస్త పాలమీగడ అయినా పెడదామని. పెరుగు గడ్డకట్టి, నీళ్ళు తేరి, పులుపెక్కిపోయింది. గడియారం ప్రకారమైతే ఇంకా పాలు పాలుగానే ఉండాలి.

కుక్కకి ఆకలి తొందర. పెరుగుకి పులుపు తొందర. పిండికి పొంగు తొందర. మాకు నీరసం తొందర. ఒక్క గడియారానికే ఏ తొందరా లేదు.

మా గడియారాలన్నీ భానోజీరావు గారి గదిలో గడియారం చెప్పినట్టు వినేవే. భూమితో మాట్లాడే యాంటెన్నా ఆమధ్య మెట్ట కంపించినప్పుడు విరిగిపోయింది, కాబట్టి టైమెంతని అడగడానికి ఇంకెవరూ లేరు. సున్నుండని కొంగులో చుట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. ఒక చేతిలో కుక్క, ఒక చేతిలో పెరుగు గిన్నె.

"రావు గారూ, ఈ పెరుగు ఎప్పుడు తోడేశానో చెప్పండి," అన్నాను.

ఆయన పెరుగు చూశారు. కుక్కని చూశారు. తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"బియ్యం పాడయ్యాయండి తాయారు గారూ. గిడ్డంగి వెనక గోడలోంచి చెమ్మ దిగింది. ఉన్నవి ఓడ వచ్చేదాకా సరిపోవు. పూట తగ్గిద్దామంటే, పోయినేడాది నూనె తక్కువుందని చెప్తే ఏమైందో మీరూ చూశారు. ఎవరి పరుపు కింద చూసినా దాచిన నూనె సీసాలే. నూకాలునీ ఇంకో కుర్రాణ్ణీ కొట్టుకోకుండా ఆపలేకపోయాం." చేతులు నలుపుకున్నారు. "అందుకని రోజునే కొంచెం సాగదీశాను. రోజుకి మూడు పూటలూ మూడు పూటలే. రోజులే తక్కువవుతాయి. ఓడ అనుకున్నదానికంటే ముందే వచ్చేసిందని మీరంతా సంబరపడతారనుకున్నాను."

"మరి దీన్నెందుకు పెట్టెలో పెడతానన్నారు?"

"మెట్టలో గడియారం చూడంది అదొక్కటేనండి," అన్నారు.

కోపం వస్తుందనుకున్నాను. ఆయన మణికట్టు చూశాను, ఎముకలే ఉన్నాయి. రెండే ఇడ్లీలు తిని లేచింది అలక కాదని అప్పుడర్థమైంది. ఆయన వాటా గిడ్డంగికి తిరిగి పోతోంది.

బేరం కుదిరింది. నేను నోరెత్తకూడదు. గిన్నె మోగకూడదు. అలా అయితే పెట్టె మాట ఎత్తరు. దావీదుకి ఆయనే సర్దిచెప్తారు. సరేనన్నాను. సున్నుండ దక్కింది, ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

ఓడకి ఇంకా ముప్పై ఐదు

చాలా తేలిక. దాని ఆకలివేళకి నా మధ్యాహ్నపు కంచంలోంచి దాచిన నాలుగు ముద్దలు పెట్టేస్తున్నాను. తిని, మూతి నా చీరకి తుడుచుకుని పడుకుంటోంది. మోత లేదు. దావీదు కూడా వచ్చి, "కుక్క బాగుపడిందే," అని దాని బొజ్జ గోకి వెళ్ళాడు. బొజ్జ గోకితే వెనక కాలు ఒకటి ఆడిస్తుంది, ఆ ఊపుకి వెల్లకిలా గది దాటి వెళ్ళిపోతుంది. ఇద్దరం దాన్ని పట్టుకొచ్చాం.

మెట్ట మొత్తంలో వేళకి తింటున్నది అదొక్కటే. దాని సంతోషం చూస్తే కడుపు నిండుతోంది. మిగతా పదమూడు మంది మొహాలు చూస్తే సిగ్గేస్తోంది. అన్నం వడ్డించేదాన్ని, ఎంత ఆకలితో వచ్చారో తెలిసి కూడా ఏమీ ఎరగనట్టు గరిటె తిప్పుతున్నాను. పులుసు బాగుందని ఎవరో మెచ్చుకుంటే గిన్నె ఎత్తుకుని పొయ్యి వైపు తిరిగిపోయాను.

ఓడకి ఇంకా ముప్పై మూడు

నూకాలు మర మీద నిద్రపోయింది. చెయ్యి పళ్ళచక్రం పక్కకి జారింది. దావీదు చూసి లాగాడు కాబట్టి రెండు గోళ్ళతో పోయింది. కట్టు కట్టించుకుని వంటశాలకొచ్చి కూర్చుంది. ఏడవలేదు, అదే నాకు భయమేసింది.

"కునుకు పట్టేసింది పిన్నీ. ఇంకా ఎంతసేపో అని గడియారం చూశాను, చాలా ఉంది. మళ్ళీ చూశాను, కదల్లేదు. నాకేదో అయిపోతందేమో. మా అమ్మకి మతి చలించింది ఇలాగే మొదలైంది."

"నీకేమీ అవలేదే."

"నీకెలా తెలుసు?"

నాకు తెలుసు. చెప్పలేదు. సున్నుండ ఆమె కట్టు వాసన చూసి, ఒళ్ళోకెక్కి, గుండ్రంగా చుట్టుకుంది. నూకాలు బాగున్న చేత్తో దాన్ని నిమురుతూ, "నువ్వే నయమే, నీకే బాధా లేదు," అంది.

ఆ మాటకి నాలో ఏదో తెగింది. ఈ పిల్ల తనకి పిచ్చెక్కుతోందని భయపడుతోంది. పిచ్చి గడియారానిది.

కాసేపటికి సున్నుండ ఒళ్ళోంచి దిగింది. దాని వేళయింది. నా దగ్గరికొచ్చి కూర్చుని, దాచిన ముద్దల కోసం నా కొంగు వంక చూసింది. మూడు రోజులుగా ఇక్కడే దాని నోరు మూయించాను. ఇవాళ పెట్టలేదు. చూసి చూసి, విసిగిపోయి, గిన్నె దగ్గరికెళ్ళి ముక్కుతో ఒక్క తోపు తోసింది.

గిన్నె తేలుతూ వెళ్ళి గోడకి తగిలింది. ఠంగుమంది.

సొరంగంలో మరలు ఒక్కొక్కటే ఆగడం వినిపించింది. ఎవరో బూతు తిట్టారు. సీసపు చెప్పులు ఈడ్చుకుంటూ అందరూ వచ్చారు, దావీదు ముందు. పెట్టె మాట ఎత్తడానికే నోరు తెరిచాడు. అప్పటికే బల్ల మీద పధ్నాలుగు కంచాలూ పరిచేశాను. అన్నం పూర్తిగా ఉడకలేదు, పులుసు పోపు పడలేదు. అలాగే వడ్డించాను.

"గంట కొట్టలేదుగా అక్కా," అన్నాడు.

"కొట్టింది. మీ కడుపులు చెప్పట్లేదూ? కూర్చో."

భానోజీరావు గారు గుమ్మం దగ్గర ఆగిపోయారు. నేనాయన్ని చూడలేదు. నూకాలు చేతిలో కంచం పెట్టి, "నీ మతి బానే ఉంది తల్లీ. రోజే పొడుగైంది," అన్నాను. తర్వాత అంతా చెప్పేశాను. ఆయన ఇడ్లీల సంగతి కూడా చెప్పాను. అది చెప్పకపోతే అన్యాయం.

ఓడకి ఇంకా ఇరవై ఏడు

అవును, నిన్న ముప్పై మూడు. తప్పు రాయలేదు.

నిన్న చాలా అరుపులయ్యాయి. అవన్నీ రాయను. దావీదు భానోజీరావు గారి చొక్కా పట్టుకున్నాడు. పట్టుకుంటే ఆయన అతని చేతిలో తేలికగా పైకి లేచొచ్చారు. చెప్పుల్లో సీసం ఉన్నా లేచొచ్చారు. అంత చిక్కిపోయారు. దావీదు ఆయన్ని మెల్లగా కిందికి దించి, చొక్కా సరిచేశాడు. "మాకు చెప్పాల్సిందండి. తిట్టుకుంటాం, కొట్టుకుంటాం, ఆనక సర్దుకుంటాం. మాకు చెప్పాల్సింది," అన్నాడు.

గిడ్డంగి అందరూ చూశారు. ఉన్నదానికి ఇక నుంచి రాత్రి పూట గంజే. అందరి మొహాలూ వాడిపోయాయి. భానోజీరావు గారు గడియారం సరిచేస్తూ, దొంగిలించిన గంటలన్నీ కలిపి లెక్క చెప్పారు. మేం అనుకున్నదానికంటే ఓడ ఐదు రోజులు దగ్గరికొచ్చేసింది. ఎవరూ నవ్వలేదు, నవ్వే ఓపిక లేదు. ఐదు రోజులు అని ఎవరో మెల్లగా అన్నారు. నూకాలు కట్టున్న చేతి వేళ్ళు లెక్కపెట్టుకుంది.

రాత్రి గంజి పోశాను. సున్నుండ గిన్నెలో నా గంజిలోంచి కాస్త పోయబోతే, దావీదు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. దానికి వాటా లేదంటాడనుకున్నాను.

"నీ ఒక్కదాని కంచంలోంచే ఎందుకక్కా," అని తన గ్లాసులోంచి ఒక గుక్కెడు పోశాడు. ఆ గిన్నె బల్ల చుట్టూ తిరిగింది. తిరిగి నా దగ్గరికొచ్చేసరికి నిండిపోయింది. సున్నుండ సగం తాగి, ఇక వల్ల కాక, అందులోనే మూతి పెట్టుకుని నిద్రపోయింది.

తిన్నవారు పధ్నాలుగు మంది, ఒక కుక్క. భానోజీరావు గారు చదివి, సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఓడకి ఇంకా ఇరవై ఆరు

పొద్దున. పిండి మూత తీశాను. గిన్నెలోనే బుద్ధిగా పొంగి ఉంది. నాలుక మీద పెట్టుకున్నాను, పులుపు లేదు. ఇన్నాళ్ళూ తిట్టిన పప్పుకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

తవ్వేవాళ్ళు నిన్న ఒక షరతు పెట్టారు. గడియారం సరిచేసినా సరే, దాన్ని ఇక నమ్మరట. సున్నుండ లేస్తేనే పొద్దున్న గంట. కుక్క మాట మీద మెట్ట నడవడమేంటని భానోజీరావు గారు అనబోయి, అందరి మొహాలూ చూసి ఊరుకున్నారు.

ఇప్పుడు నా మంచం పక్కన పీట మీద కూర్చున్నారు, గంట కొట్టే సుత్తి ఒళ్ళో పెట్టుకుని. గోడ మీద గడియారం పొద్దున్నయిందంటోంది. సొరంగం పొడుగునా మనుషుల గుర్రు వినిపిస్తోంది. నూకాలు గుర్రు కూడా పోల్చుకోగలను. సున్నుండ నా దిండు మీద, నాలుగు కాళ్ళూ పైకెత్తి, నోరు కొద్దిగా తెరుచుకుని పడుకునుంది. కలలో ఏదో తరుముతోంది, పాదాలు కదులుతున్నాయి.

"లేపనా అండి?" అన్నాను.

ఆయన గడియారం చూశారు, దాన్ని చూశారు. "వద్దండి," అని సుత్తి కింద పెట్టేశారు.